షుగర్ డాక్టరమ్మ

ఎవరికీ చెప్పని మాట ఒకటి ఏళ్ళ తరబడి నా నోట్లో ఎంగిలిలా ఉండిపోయింది. మింగలేదు. ఉమ్మలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పాలంటే వాళ్ళ ముఖం చూడాలి. ముఖం చూస్తే మళ్ళీ అబద్ధమే ఆడతాను. నా సంగతి నాకు బాగా తెలుసు.

టీ కొట్టు దగ్గర ‘షుగర్ వేయాలా మేడమ్?’ అని అడిగితే చాలు, టీ తాగకుండానే వచ్చేస్తాను. మా అమ్మ పక్కింటివాళ్ళతో ‘మా బిడ్డ షుగర్ మీద చదివింది’ అంటుంటే లేచి బాత్రూమ్‌లోకి పోయి, నల్లా తిప్పుకుని, ఆ మాట వినపడకుండా కూర్చుంటాను. ఇంకొకరు చేసిన పనైతే ఇంత రోత పుట్టేది కాదేమో. ఇది నా మీద నాకే పుట్టిన రోత. స్నానం చేస్తే పోయే రకం కాదు.

ముందు నేను చదివింది ఏమిటో చెప్పాలి. అది చెప్పకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. నిజానికి, అది సరిగ్గా చెప్పకపోవడమే నేను చేసింది.

అడవిలో రాలిన ఆకుల కింద, తడి మట్టిలో ఒక జీవి ఉంటుంది. ఇంగ్లీషులో స్లైమ్ మోల్డ్ అంటారు. తెలుగులో మేము జిగురు బూజు అనుకునేవాళ్ళం. తిండి దొరికినన్నాళ్ళు ఒక్కో కణం ఎవరి బతుకు వాళ్ళదన్నట్టు విడివిడిగా తిరుగుతూ మట్టిలోని బాక్టీరియాను తింటుంది. తిండి అయిపోయిందంటే ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. వేలకు వేలు ఒకచోట చేరి, సన్నటి పురుగులాగా ఒక్క ఒళ్ళయి పాకుతాయి. ఆఖరికి కొన్ని కాడగా నిలబడి అక్కడే చచ్చిపోతాయి, మిగతావి ఆ కాడ మీదికెక్కి బీజాలవుతాయి. ఈ కణాల ప్రోటీన్లకు చక్కెరల గొలుసులు అతుక్కుని ఉంటాయి. టీలో వేసుకునే పంచదార వేరు, రక్తంలో కొలిపించుకునే షుగర్ వేరు, ఇవి వేరు. కణం ఒంటరిగా తిరిగే రోజుల్లో ఆ గొలుసులు పెద్దవి, వాటికి సల్ఫేటు, ఫాస్ఫేటు ముక్కలు తగులుకుని ఉంటాయి. ఆకలి మొదలై, కణాలన్నీ గుమికూడి, రూపు మారుతున్నకొద్దీ ఆ గొలుసులు చిన్నవవుతాయి, ఆ ముక్కలు తగ్గిపోతాయి. బస్సు అదే, బోర్డు మారినట్టు. ఆ బోర్డును మార్చేది ఏది, ఎప్పుడు మారుస్తుంది, కణాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి దానితో పనేమిటి? నా పిహెచ్‌డి మొత్తం ఇదే. మంచి పనే. ఆ పని చేసినందుకు నాకెప్పుడూ సిగ్గు లేదు. నేను సిగ్గుపడింది దాని పేరుకు.

మాది ఇల్లందు. నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు, నేను డిగ్రీలో ఉండగానే పోయాడు. హైదరాబాదులో పరిశోధనలో చేరి మొదటిసారి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, ఇంటినిండా చుట్టాల మధ్య మా పెద్దమ్మ అడిగింది, దేని మీద చదువుతున్నావని. బూజు మీద అన్నాను. ఇల్లు ఎగిరిపోయేంత నవ్వు. “బూజు దులపనీకి హైదరాబాద్ దాకా పోవాల్నా? బూజుకర్ర ఇస్త తియ్, మా ఇంట్ల గూడ జర దులిపిపో” అంది. అంతే, ఆ రోజునుంచి నాకు బూజుపిల్ల అని పేరు పడింది. ఏ పెళ్ళికి పోయినా ఎవరో ఒకరు సీలింగు వైపు చూపించి కన్నుకొట్టేవారు. నవ్వినట్టు నటించేదాన్ని. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయేదాన్ని.

మరుసటి ఏడు ఎవరో అడిగితే నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. షుగర్ మీద అన్నాను. ప్రోటీన్ల మీది షుగర్లు ఎట్లా మారతాయో చూస్తున్నానని. అందులో అబద్ధం లేదు, మీరే చూశారుగా! కానీ మా బొగ్గుబాయి కాలనీలో షుగర్ అంటే ఒకటే అర్థం. ఏ ఇంటికి పోయినా టీవీ పక్కన మందుగోళీల డబ్బా, అన్నం గిన్నె పక్కన జొన్నరొట్టె. అడిగినావిడ లేచి నాకు కుర్చీ తెచ్చి వేసింది. ‘డాక్టరవుతవా బిడ్డా?’ అంది. అవుతాను అన్నాను. పిహెచ్‌డి చేస్తే డాక్టరే కదా. అదీ అబద్ధం కాదు. చూడండి, నేను ఆడిన అబద్ధాలన్నీ ఇట్లాగే ఉంటాయి. ఏ ఒక్కదాన్నీ పట్టుకుని ఇది అబద్ధం అని చూపించలేరు. అందుకే నాకు అంత అసహ్యం. తేటగా ఒక అబద్ధం ఆడినవాళ్ళే నాకంటే నయం.

ఇక ఓదెలు మామ సంగతి. నాన్నా ఆయనా ఒకే షిఫ్టు. మామా కోడలా అన్నది పిలుపే, చుట్టరికం ఏమీ లేదు, గోడ అవతల క్వార్టరు, అంతే. నాన్న పోయాక కరెంటు పోయినా, నల్లా పాడైనా, నేను హాస్టలుకు పోవాలన్నా ఆయనే. బిగ్గరగా మాట్లాడతాడు, బిగ్గరగా తుమ్ముతాడు, టీలో చక్కెర తక్కువైతే బిగ్గరగా అలుగుతాడు. ఒంట్లో షుగర్ ఉంది. గోళీలు మింగించడానికి ఆయన భార్య రాజమ్మ అత్త పొద్దున్నే గ్లాసు నీళ్ళు పట్టుకుని ఆయన వెనక ఇల్లంతా తిరిగేది.

నా పరిశోధనకు అడవిమట్టి కావాలి. మనుషులు తొక్కని చోట, ఆకులు కుళ్ళిన మట్టి. మామ తన బండి మీద నన్ను గుండాల వైపు, అక్కడినుంచి భద్రాచలం అడవి మొదలయ్యేదాకా తీసుకుపోయేవాడు. టేకుచెట్ల కింద, తునికిచెట్ల కింద నేను కూర్చుని ఆకులు పక్కకు తీసి మట్టి కవర్లలో నింపుకుంటుంటే, ముక్కు మూసుకుని నిలబడేవాడు. “గింత కంపు మట్టి ఏం జేస్కుంటవే కోడలా” అనేవాడు. దారిలో ఏ గూడెం దగ్గర ఆగినా అక్కడివాళ్ళు ఎందుకొచ్చారని అడిగేవారు. మా కోడలు షుగర్ మందు కనిపెడుతుందని చెప్పేవాడు. వాళ్ళ భాష నాకు రాదు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు షుగర్ అన్న ఒక్క మాటే నా చెవిన పడేది. మంచం వాల్చేవారు. మొదటిసారి తిరిగివస్తూ బండి మీద ‘అది కాదు మామా’ అని మొదలుపెట్టాను. గాలికి వినపడలేదు, ఏందీ అన్నాడు. ఏం లేదులే అన్నాను. ఆ తర్వాత ఇంకెప్పుడూ మొదలుపెట్టలేదు. నాకు ఆ మంచం బాగుంది. ఆ గౌరవం బాగుంది. అంత నీచంగా, అంత మామూలుగా బాగుంది.

పిహెచ్‌డి వచ్చింది. కాలనీ హాల్లో సన్మానం పెట్టారు. పరుగులు తీసి అంతా ఏర్పాటు చేసింది మామే. హాలు బయట ఫ్లెక్సీ కట్టారు, నా ఫొటోను తెల్లగా చేసి. కింద ‘షుగర్ వ్యాధి పరిశోధకురాలు’ అని ఉంది. పొద్దున్నే చూశాను. ఆ ఒక్క మాట మీద కాగితం అతికించమంటే ఎవరైనా అతికించేవారు. నేనేం చేశానో తెలుసా? దాని ముందు నిలబడి ఫొటో దిగాను.

స్టేజీ మీద మాట్లాడమన్నారు. ముందు వరసలోనే పెద్దమ్మ. బూజు అన్న మాట నోట్లోంచి వస్తే ఆ హాలంతా మళ్ళీ నవ్వుతుందని భయపడ్డాను. అందుకని ఆ మాటే ఎగ్గొట్టాను. జీవి పేరు చెప్పలేదు, మట్టి సంగతి చెప్పలేదు. కణాలు అన్నాను. తిండి అందనప్పుడు కణాల మీది షుగర్ మారిపోతుందని, ఆ మార్పునే మీ బిడ్డ ఇన్నేళ్ళు చూసిందని అన్నాను, గొంతు వణికించి. చప్పట్లు మోగిపోయాయి. ఆ వాక్యాన్ని ఇప్పుడు మీరే ఇంకోసారి చదవండి. బూజును తీసేస్తే ఏం మిగిలింది? తిండి మానితే షుగర్ మారుతుంది. హాలునిండా షుగర్ రోగులు. వాళ్ళకు నేను ఏం చెప్పినట్టు?

నాకు అప్పుడు తట్టలేదని చెప్పాలని ఉంది. తట్టింది. కిందికి దిగాక, హాలు మెట్ల మీద మామ నన్ను ఆపినప్పుడు పూర్తిగా తట్టింది.

“కోడలా, నాకు జర సక్కగ చెప్పు. కడుపు ఎండగొడితే షుగర్ దానంతటదే మారిపోతదా?”

“మారుతది మామా.”

“నా అసుంటోనికి గూడనా?”

“అందరి ఒళ్ళూ కణాలే గదా.”

ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా విచ్చుకుంది. దగ్గరికి జరిగి, అత్తకు వినపడకుండా గొంతు తగ్గించి అడిగాడు. ఆ మనిషి గొంతు తగ్గించడం నేను చూసింది అదొక్కసారే.

“అయితే గోళీలు బంద్ చేయాల్నా బిడ్డా?”

అప్పుడే ఎవరో సెల్ఫీ కోసం నన్ను పిలిచారు. నేను శాలువా సర్దుకున్నాను. సర్దుకుంటూ అన్నాను.

“నీ ఇష్టం మామా.”

ఇదీ నేను చేసింది. కావాలని చెప్పానా? లేదు. తెలియక చెప్పానా? అదీ లేదు. మానొద్దు అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ఆ మాట అంటే ఆయన ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలంటే నేను చూసిన షుగర్ నీది కాదు అనాలి. మరి ఎవరిది అంటే బూజుది అనాలి. శాలువా కప్పుకుని, ఆ మెట్ల మీద, పెద్దమ్మ వినేంత దూరంలో. ఒక నవ్వుకు భయపడి ఒక మనిషి ప్రాణాన్ని ఆయన ఇష్టానికి వదిలేశాను. ఇంత పొడుగు చదువు చదివిన దాన్ని. థూ.

హైదరాబాదు వచ్చేశాను. కొన్నాళ్ళకు మామ ఫోన్ చేశాడు. రాత్రిపూట తిండి బంద్ పెట్టానని, ఒళ్ళు తేలికైందని, గోళీల బాధ తప్పిందని, అంతా నీ పుణ్యమేనని ఒకటే సంబరం. అప్పుడు నేను ల్యాబ్‌లో, బూజుకు తిండిగా బాక్టీరియా పెంచిన ప్లేట్లు ముందు పెట్టుకుని ఉన్నాను. ఆ బాక్టీరియా వాసన నాకు ఇప్పటికీ ముక్కులోనే ఉంది. ఆయన సంబరం విని మంచిది మామా అన్నాను. చెప్పడానికి దేవుడు రెండోసారి ఇచ్చిన అవకాశం అది, చేతిలో పెట్టి మరీ ఇచ్చాడు. మెట్ల మీదైతే జనం ఉన్నారనుకుందాం. ఫోన్‌లో ఎవరున్నారు? ఎవరూ లేరు. అప్పటికి నాకే ఆ షుగర్ డాక్టరమ్మ నిజం అయిపోయింది కాబోలు.

మామ కాలికి చెప్పు కరిచిందట. పుండయింది. మానలేదు. నల్లబడింది. నేను వెళ్ళేసరికి దవాఖానాలో ఉన్నాడు, మోకాలి కిందికి కాలు తీసేశారు. వార్డులోకి అడుగుపెట్టగానే వాసన కొట్టింది. మందుల వాసన కింద ఇంకో వాసన, తియ్యగా, కుళ్ళినట్టు. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. అది ఎవరి కుళ్ళని ముక్కు మూసుకున్నాను? నన్ను చూసి మామ లేవబోయాడు. లేవడానికి ఏ కాలు ఊనాలో ఆయనకు ఇంకా అలవాటు కాలేదు.

డాక్టరు రౌండ్లకు వచ్చి నా ఎదుటే ఆయన్ను కోప్పడ్డాడు. గోళీలు మానమని ఎవడు చెప్పాడు నీకు అని. మీకు నిజం చెబుతానని మొదలుపెట్టాను కనుక ఇదీ చెబుతాను. ఆ క్షణంలో నాకు ఆయన కాలు గుర్తు లేదు, ఆయన నొప్పి గుర్తు లేదు. నా పేరు చెబుతాడా అన్న ఒక్కటే. మామ నా వైపు చూడను కూడా చూడలేదు. “ఎవ్వలు జెప్పలే సారు. నాకే బుద్ధి గడ్డి తిన్నది” అన్నాడు. డాక్టరు ఏళ్ళ తరబడి నిర్లక్ష్యం చేశావని ఇంకా ఏదో తిట్టాడు. ఆ ఏళ్ళ తరబడి అన్న మాటను నేను ఎంత ఆత్రంగా పట్టుకున్నానో! ఎట్లాగూ పోయే కాలేనేమో అనుకున్నాను. బస్సులో ఇంటికి వచ్చేదాకా అదే మాట చప్పరించుకుంటూ వచ్చాను. గోళీలు వేసుకుని ఉంటే కాలు నిలిచేదా? ఏమో, నాకు తెలియదు. తెలియకపోవడం నాకు కలిసివచ్చింది.

ఆయన నన్ను కాపాడాడా? లేక నేను చెప్పింది నిజమేనని, తానే సరిగ్గా చేయలేకపోయానని నమ్మాడా? రెండోదే అయి ఉంటుంది. ఆ తర్వాత కూడా వచ్చినవాళ్ళందరికీ మంచం మీదినుంచే నన్ను చూపించి, మా కోడలు షుగర్ డాక్టరని గర్వంగా చెప్పేవాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత కిడ్నీలు పాడయ్యాయి. మామ పోయాడు.

మా దగ్గర మనిషి పోయిన మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళు ఇష్టంగా తినేవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి ఆ కోరిక తీరుస్తామని మాట ఇస్తారు. వాగు ఒడ్డున పెట్టాం. రాజమ్మ అత్త పోలెలు, అంటే బొబ్బట్లు, చేసింది, చిక్కటి టీలో చక్కెర దండిగా పోసింది. ఎన్నాళ్ళుగానో ఆయన నోటికి అందనివి. కాకులు చెట్టు మీద ఉన్నాయి, దిగడం లేదు. కొడుకు మాట ఇచ్చాడు, అమ్మను చూసుకుంటానని. దిగలేదు. అత్త ఏడుస్తూ ఏదో చెప్పుకుంది. దిగలేదు. ఎండ ఎక్కుతోంది. అప్పుడు అత్త నా చేయి పట్టుకుంది. “నువ్వంటే పానం గదా ఆయినెకు. నువ్వు జెప్పు బిడ్డా, ముడ్తది” అంది.

విస్తరి ముందుకు వెళ్ళి నిలబడ్డాను. చేతులు జోడించాను. కాలనీ అంతా నా వెనక నిలబడి ఉంది. మాట గొంతుదాకా వచ్చింది. వచ్చింది, ఒట్టు. పెదవి దాటితే అయిపోయేది.

నేనేమన్నానో వినండి. “మామా, నీ అసుంటోల్లకు మందు కనిపెట్టేదాకా ఊకోను” అన్నాను.

ఒక కాకి దిగింది. పోలె ముక్క ముక్కుతో చీల్చింది. పిట్ట ముట్టింది, ముట్టింది అని అందరూ ఒక్కసారి ఊపిరి తీసుకున్నారు. అత్త నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. చూసినవా, నీ మాట కోసమే ఆగిండు అంది. కాకికి ఆకలేసింది, తిన్నది. జీవశాస్త్రం చదివినదాన్ని, ఆ మాత్రం తెలియదా నాకు? తెలుసు. అయినా ఆ క్షణంలో నాకు హాయి అనిపించింది. చచ్చిపోయిన మనిషి చేత కూడా నా అబద్ధానికి సరే అనిపించుకున్నాను అనిపించింది. ఇన్నేళ్ళలో నాకు అన్నిటికన్నా రోత పుట్టించేది ఆ హాయి.

ఇప్పుడు రాజమ్మ అత్తకు కూడా షుగర్ వచ్చింది. ఫోన్ చేసి నన్నే అడిగింది, గోళీలు వేసుకోవాల్నా అని. వేసుకో అత్తా, ఒక్క పూట కూడా మానకు, డాక్టరు చెప్పినట్టు విను అన్నాను. సరే బిడ్డా అని పెట్టేసింది. ఎందుకని కూడా అడగలేదు. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! అంతే పని. ఆమెకు మాత్రం మిగతాది ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాటలు ఎట్లాంటివో చూశారుగా.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించడానికి మీరెవరు? అసహ్యించుకుంటే అసహ్యించుకోండి, నాకు తోడు దొరికినట్టుంటుంది. ఆ మెట్ల మీద చెప్పాల్సిన మాట మాత్రం ఇక్కడ చెబుతాను. చెవిటి కాగితానికైనా చెబుతాను.

మామా, గోళీలు బంద్ చేయకు. నేను చూసింది నీ షుగర్ కాదు. నేను చూసింది మట్టిలో బూజును. నీ రోగం సంగతి నాకేమీ తెలవదు మామా. ఏమీ తెలవదు.